రెండు సూదులు, ఒక స్నానం

మా మామకు కరోనా ఇక రాదని మా వైపు అందరికీ తెలుసు. చెప్పింది డాక్టర్లు కాదు, మామే. రెండో అలలో కడప ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత పులివెందులలో వరసలో నిలబడి రెండు సూదులూ వేయించుకున్నాడు. వరసలో నిలబడటం ఆయనకు అలవాటు లేని పని కాబట్టి, అంత కష్టపడినందుకు జీవితాంతం రక్షణ దక్కాల్సిందేనని ఆయన లెక్క. టీకా పత్రాన్ని ఫోన్‌లో పెట్టుకుని, పెళ్లిళ్లలో మనవరాలి ఫోటోలు అయిపోయాక దాన్ని కూడా చూపించేవాడు.

"ఒగసారి వచ్చి పాయ. రెండు సూదులు పడినాయి. ఇంగ అది నన్ను చూస్తే పక్క సందులోంచి పోతాది" అనేవాడు.

వినేవాళ్లు తలలూపేవాళ్లు. మా వైపు గట్టిగా చెప్పిన మాటకు ఉన్న విలువ నిజమైన మాటకు ఎప్పుడూ లేదు.

మామ అంటే మా అమ్మకు అన్న. తొండూరు దగ్గర ఒక పల్లెలో ఆయనకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. రోగనిరోధక శక్తి అనే పాఠం ఏటా నా వంతే. పిల్లలు ఏటా దాన్ని బట్టీపట్టి, పరీక్ష రాసి, గేటు దాటేలోపు మరిచిపోతారు. ఈ విషయంలో వాళ్ల జ్ఞాపకం కంటే ఒంట్లో కణాల జ్ఞాపకమే నయం.

ఆ పాఠానికి నేను మా ఊరి బంగారు అంగళ్లనే ఉదాహరణగా చెప్పేదాన్ని. గాజులు చూపించమని వచ్చి ఒక జత చీర మడతల్లోకి దోపుకుపోయిన ఆడమనిషి ఫోటోను గల్లాపెట్టె వెనక అంటించుకుంటారు. పచ్చచీర, పెద్ద బొట్టు, కళ్లద్దాలు. పనివాళ్లందరూ పచ్చచీర కోసం కాపు కాస్తుంటారు. ఆమె ఈసారి నీలం చీర కట్టుకుని, కళ్లద్దాలు తీసేసి వస్తుంది. "రాండమ్మా, కూర్చోండి" అని నీళ్లిచ్చి మరీ గాజులు చూపిస్తారు. టీకా అయినా, ఒకసారి వచ్చిపోయిన జబ్బు అయినా మన ఒంటికి ఇచ్చేది ఆ ఫోటోనే. వైరస్ లక్షలసార్లు తనను తాను నకలు తీసుకుంటుంది, నకళ్లలో తప్పులు పడతాయి. చాలా తప్పులు దాన్నే చంపేస్తాయి. ఎక్కడో ఒక తప్పు మాత్రం దాని పైతొడుగు రూపాన్ని మారుస్తుంది. ఫోటోకు దొరకనిది అదొక్కటే కాబట్టి, అదే నిలుస్తుంది, అదే పెరుగుతుంది. దానికి తెలివేమీ ఉండక్కర్లేదు. దొరికినవి పోతాయి, దొరకనిది మిగులుతుంది, అంతే.

ఇదంతా మామకు కూడా చెప్పాను. చీర కట్టు దగ్గరి నుంచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఆ అంగడి యాడుంది అమ్మీ? ఆడ మనోల్లు ఎవురూ కొనలేదు గదా?" అన్నాడు.

ఆయనకు అర్థం కాలేదనుకుంటే పొరపాటు. ఆయనకు నాకంటే బాగా అర్థమవుతుందని ఒకరోజు తోటలో చూశాను. చీనీకాయల తొక్క మీద మంగు పట్టింది. మంగు అంటే తుప్పురంగు మచ్చ, కంటికి ఆనని నల్లి చేసే పని. కాయ లోపల తియ్యగానే ఉంటుంది, కానీ బజారులో ఎవరూ ముట్టుకోరు. పురుగుమందుల అంగడాయన పాత మందే మళ్లీ తెచ్చాడు. మామ చెట్టు కింద నిలబడి ఆయన్ను దులిపేశాడు.

"మూడేండ్ల నుంచి ఇదే మందు కొట్టిస్తాండావు కదప్పా! చచ్చేటివన్నీ మొదటేడే చచ్చిపాయ. ఈ మందుకు చావకుండా మిగిలినాయి చూడు, అవే గదా పిల్లలు పెట్టేది? ఆ పిల్లలకు నీ మందు పానకం మాదిరి ఉంటాది. మందు మార్చల్ల!"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మా పాఠ్యపుస్తకంలో రెండు పేజీలు తినేసిన పరిణామ సిద్ధాంతాన్ని ఆయన తిట్లతో సహా నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. ఇంతకంటే మంచి సందు దొరకదని, "నేను చెప్పేదీ అదే మామా. వైరస్సూ అట్లే. నీ రెండు సూదులకు చిక్కనిది ఒకటి మిగులుతుంది" అన్నాను.

మామ నన్ను జాలిగా చూశాడు. "మంగు వేరు, రోగం వేరు అమ్మీ. అది చెట్టు. ఇది మనిషి."

చెట్టుకు వర్తించే న్యాయం తనకు వర్తించడం ఆయనకు మర్యాదగా తోచలేదు.

ఇంతవరకు ఇది నవ్వుకునే సంగతే. మా అక్క లేకపోతే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

అక్క అమ్మతో కలిసి జమ్మలమడుగులో ఉంటుంది. కిడ్నీలు రెండూ చెడిపోయి, ఏళ్లపాటు డయాలసిస్ చేయించుకుంది. ఆ ఏళ్లలో ఆమెకు నీళ్లు కొలతే, పండ్లు నిషిద్ధమే. మామ తోట నుంచి బస్తాల కొద్దీ చీనీకాయలు వస్తే అందరం తినేవాళ్లం, ఆమె తొక్క వాసన చూసేది. చివరికి అమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. అది పనిచేయడం మొదలుపెట్టాక, డాక్టరు సరేనన్న రోజు, మామ ఒక కాయ వలిచి తొనలు ఆమె నోట్లో పెట్టాడు. అక్క తింటూ ఏడ్చింది. మామ ఏడవలేదు, కానీ ఆ తర్వాత ఎప్పుడు ఆ ఇంటికి వచ్చినా చేతిలో చీనీకాయల సంచి లేకుండా రాలేదు.

పరాయి కిడ్నీని ఒళ్లు ఊరికే ఉంచుకోదు. అమ్మదైనా సరే, దానికి పరాయిదే. అందుకని ఒంటి కాపలాను మాత్రలతో జోకొట్టి పెట్టాలి. జీవితాంతం. కాపలా నిద్రలో ఉంటే ఫోటో అంటించినా చూసేదెవరు? అక్కకు టీకాలు వేశారు కానీ, ఆమె ఒళ్లు వాటిని సరిగా పట్టించుకుని ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. "చుట్టూ ఉన్నోళ్లే ఈమెకు టీకా అనుకోండి" అన్నాడు. మా బంధువుల సంగతి ఆయనకు తెలియదు పాపం.

దాంతో జమ్మలమడుగు ఇంట్లో ఒక కట్టుబాటు వచ్చింది. వాకిట్లో వేపచెట్టు కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఎవరొచ్చినా మాస్కు పెట్టుకుని అక్కడే కూర్చోవాలి. అక్క కిటికీలోంచి మాట్లాడుతుంది. అమ్మ అన్నింట్లో మెత్తనిదే కానీ ఈ ఒక్కదాంట్లో గట్టిగా నిలబడింది. మా చిన్నమ్మ ఒకామె ఆ కుర్చీ చూసి, "అయినోల్లను వాకిట్లో కూచ్చోబెట్టేది యాడన్నా ఉందా? మేమేమన్నా బిచ్చానికి వచ్చినామా?" అని కాఫీ ముట్టకుండా వెళ్లిపోయింది. ఊరంతా చెప్పుకుంది కూడా. ఆ కుర్చీ పేరు చెప్పి మా ఇంటికి రావడం మానేసిన వాళ్లు చాలామంది. అక్క క్షేమానికి అదీ మంచిదే అయింది.

మామ కూడా మొదట్లో ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. మాస్కు గడ్డం కింద ఉండేదనుకోండి, అయినా కూర్చున్నాడు. రెండో సూది పడ్డాకే ఆయన స్థాయి పెరిగింది.

మూడో అలలో కొత్త రకం వచ్చింది. ఇది నీలం చీర కట్టుకుని, పేరు మార్చుకుని, భాష కూడా మార్చుకుని వచ్చిన మనిషి. టీకా వేసుకున్నవాళ్లకు, ముందు వచ్చిపోయినవాళ్లకు, అందరికీ మళ్లీ వస్తోంది. వచ్చినా చాలామందికి జలుబుతో పోతోంది కాబట్టి జనం దాన్ని లెక్కచేయడం మానేశారు. ఆ రోజుల్లోనే పులివెందులలో మామకు దూరపు చుట్టం, ముసలాయన, వయసు మీద పడి పోయాడు. పలకరించను పోకపోతే మా వైపు అది మూడు తరాలు గుర్తుంటుంది. మామ పలకరించడానికి వెళ్లాడు. ఊరు ఊరంతా వచ్చింది. మగవాళ్లు షామియానా కింద మోకాళ్లు తగిలేట్టు కూర్చుని, పోయినాయన గురించి రెండు మాటలు, చీనీ ధర గురించి రెండు గంటలు మాట్లాడుకున్నారు.

ఆ వారంలోనే అక్కను చూడాలని మామకు అనిపించింది. చావింటి నుంచి నేరుగా ఇంకో ఇంటికి పోకూడదు. మామ నియమం తప్పే మనిషి కాడు. తోటకు పోయి, బోరు కింద నిలబడి తలమీద నుంచి నీళ్లు పోసుకుని, విడిచిన బట్టలు నానబెట్టి, మడత బట్టలు కట్టుకుని, చెట్టు నుంచి కాయలు తెంపుకుని, బండి ఎక్కి జమ్మలమడుగు వచ్చాడు. ఆ రోజు ఆదివారం, నేనూ అక్కడే ఉన్నాను.

వచ్చినవాడు కుర్చీ వైపు చూడనైనా చూడలేదు. గడప దాటి లోపలికి వచ్చేశాడు.

"మామా, మాస్కు! బయట కూర్చో!" అని నేను అరిచాను.

"స్నానం చేసే వచ్చినా కదమ్మీ. మైల ఏమీ లేదు."

"మైల కాదు మామా, వైరస్సు. అక్కడ అంత జనం..."

"రెండు సూదులు పడిన మనిషిని. నాకే రానిది నా నుంచి దానికెట్ల వస్తాది?"

ఈ వాదన వినడానికి బాగుంటుంది. దీన్ని నమ్మే చాలామంది బడికి పోయినవాళ్లే. సూది నిన్ను ఆసుపత్రి పాలు కాకుండా కాపాడుతుంది కానీ, నీ గొంతులో రెండ్రోజులు బస చేసి పక్కమనిషి మీదికి దూకేదాన్ని ప్రతిసారీ ఆపలేదు, ముఖ్యంగా ఈ కొత్తదాన్ని. నేను ఇది చెప్పబోయేలోగా అమ్మ నా మీద కోప్పడింది. కట్టుబాటు పెట్టింది అమ్మే. కానీ తలస్నానం చేసి, తడి తలతో, అంతదూరం నుంచి వచ్చిన అన్నను వాకిట్లోకి పొమ్మనడానికి ఆమెకు నోరు రాలేదు. "స్నానం చేసినాడంట కదే, ఊరుకోరాదూ" అంది. నలభై ఏళ్లుగా ఇంటి గడపకు ఉన్న నియమం స్నానమే. దాని ముందు నా మాస్కు నిన్న మొన్నటిది.

మామ అక్క మంచం మీదే కూర్చున్నాడు. కాయ వలిచి, తొనలు తీసి, తన చేత్తోనే ఇచ్చాడు. మధ్యలో రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "బోరునీళ్లు సల్లగుండాయి" అన్నాడు.

నాలుగు రోజులకు మామకు జలుబు. నేను ప్రొద్దుటూరులో మందుల అంగట్లో పరీక్ష కిట్టు కొని, ఎర్రగుంట్ల మీదుగా బస్సులు మారి పోయి, ఆయన ముక్కులో పుల్ల పెట్టి చూశాను. రెండు గీతలు వచ్చాయి, అంటే కరోనా ఉన్నట్టే.

"రెండు గీతలుండాయా? ఉంటాయి మరి. రెండు సూదులు ఏసుకున్యా గదా" అన్నాడు మామ.

నేను నవ్వాను. సిగ్గులేని నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాను. ఆ సాయంత్రమే అమ్మ ఫోన్ చేసి అక్కకు జ్వరమని చెప్పింది.

మామ వారంలో లేచి తోటలో తిరిగాడు. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ రెండు సూదులూ, పాత జబ్బూ ఆయన్ను నిజంగానే కాపాడాయి. రెండో అలలో ఆక్సిజన్ తాగిన మనిషి ఈసారి మిరియాల కషాయంతో బయటపడ్డాడు. వాకిలి దగ్గర ఫోటో పనిచేయకపోయినా, లోపల ఇంకో వరస కాపలా ఉంటుంది, అది ఇంత తేలిగ్గా మోసపోదు. మామ ఒంట్లో ఆ కాపలా మేలుకుని ఉంది. అక్క ఒంట్లో దాన్ని మేమే నిద్రపుచ్చాం.

డాక్టర్లు మా ముందు ఒక తక్కెడ పెట్టారు. మాత్రలు తగ్గిస్తే కాపలా లేచి వైరస్‌ను తరుముతుంది, కానీ అమ్మ కిడ్నీ మీదికీ పోవచ్చు. తగ్గించకపోతే కిడ్నీ ఉంటుంది, మనిషి ఉంటుందో లేదో. ఒక మాత్ర ఆపారు. ఒకటి ఉంచారు. అక్క ఊపిరి నిలబడింది. ఇంటికి వచ్చింది. కానీ పరీక్ష చేసిన ప్రతిసారీ అదే రెండో గీత. వారాలు పోయి నెలలు వచ్చాయి, అయినా అది ఆమెను వదల్లేదు.

ఇట్లాంటి ఒంట్లో వైరస్ ఎక్కువకాలం ఉంటుందని, ఉన్నన్నాళ్లూ అరకొర కాపలాతో తలపడుతూ మారే వీలుంటుందని డాక్టరు చెప్పాడు. ఎట్లా మారిందో చూడటానికి నమూనా పెద్ద ల్యాబుకు పంపాడు. నాకు మామ తోటే గుర్తొచ్చింది. చాలీచాలని మందు, చావకుండా మిగిలిన నల్లి. ఈసారి చెట్టు మా అక్క.

నమూనా పోయిన సంగతి ఊర్లో ఎట్లా పాకిందో తెలియదు. వారం తిరక్కుండా జమ్మలమడుగులో కొత్త రకం పుట్టిందని, అది మా వీధిలోనే పుట్టిందని జనం తేల్చేశారు. ల్యాబు ఇంకా ఏమీ చెప్పలేదు, చివరికి అందులో ప్రత్యేకంగా భయపడాల్సింది ఏమీ లేదనే చెప్పింది, కానీ అప్పటిదాకా ఆగే తీరిక ఎవరికుంది? పాలవాడు ప్యాకెట్లు సందు మొదట్లోనే పెట్టి పోయేవాడు. ప్రొద్దుటూరులో మా కాలేజీ పిల్ల తల్లి ఒకామె, "మీ అక్కది ఏ రకం మేడమ్?" అని ఏదో చీర రకం అడిగినట్టు అడిగింది. వాకిట్లో కూర్చోబెట్టినందుకు ఊరంతా మొత్తుకున్న మా చిన్నమ్మ కొత్త ఇంట్లో చేరుతూ, బొట్టు పెట్టి చెప్పాల్సిన పిలుపును అక్కకు ఫోన్‌లోనే చెప్పేసింది. "నువ్వు రాలేవులేమ్మా, ఫోటోలు పెడతా" అంది. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటానన్నా కూర్చునేవాళ్లు లేరు. దాని మీద వేపాకులు రాలుతూ ఉండేవి. వైరస్‌ను ఆ ఇంటికి మోసుకొచ్చింది బంధుత్వం. ఇప్పుడు భయపడి పారిపోతున్నదీ బంధుత్వమే. నాకు ఆ రోజుల్లో ఎవరి ముఖం చూసినా ఒళ్లు మండేది, ఇప్పటికీ కొందరి ముఖాలు చూస్తే మండుతుంది.

చివరికి వైరస్ పోయింది. పరీక్షలో రెండో గీత రాలేదని అమ్మ దేవుడి పటాలన్నిటికీ దీపం పెట్టింది. సరిగ్గా ఆ నెలలోనే అక్క కాళ్లు వాచాయి.

మాత్ర తగ్గించినప్పుడు లేచిన కాపలా తిన్నగా పోయి అమ్మ కిడ్నీని పట్టుకుంది. నెలల తరబడి దొంగకు నీళ్లిచ్చి కూర్చోబెట్టి, ఇంటిమనిషిని పట్టుకుని కొట్టింది. మందులు ఎక్కించారు, చేయగలిగింది చేశారు. నిలవలేదు. అమ్మ చీర పక్కకు జరిపి నడుము మీది కుట్టు గుర్తును తడుముకుంటూ, "నాది దానికి పరాయిదైపాయనే" అంది. నేను రోగనిరోధక శక్తి పాఠం చెప్పేదాన్ని. అమ్మకు చెప్పడానికి అందులో ఒక్క ముక్క లేదు.

అక్క మళ్లీ డయాలసిస్‌కు ప్రొద్దుటూరు రావడం మొదలుపెట్టింది. మళ్లీ నీళ్లకు కొలత వచ్చింది.

మామ చాలాకాలం రాలేదు. ఫోన్‌లో అమ్మతో మాట్లాడేవాడు, కాపు గురించి, కరెంటు గురించి. ఒక ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో బండి ఆగింది. మామే. తల తడిగా ఉంది. మాస్కు ముక్కు మీది దాకా ఉంది, అంత సరిగ్గా పెట్టుకోవడం ఆయన మొదటిసారి. చేతిలో చీనీకాయల సంచి. గేటు దగ్గరే నిలబడి, కుర్చీ మీది ఆకులను చూస్తూ, "యాడ కూచ్చోమంటావు అమ్మీ?" అని అడిగాడు.

అక్క కిటికీ దగ్గరికి వచ్చింది.

"లోపలికే రా మామా. కిడ్నీ పాయ, ఆ మాత్రలూ ఇంగ లేవు. ఇంగ ఎవురైనా రావచ్చు."

మామ లోపలికి రాలేదు. చేత్తో ఆకులు తుడిచి కుర్చీలోనే కూర్చున్నాడు. సంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. అందులో ఏముందో అక్కకు తెలుసు, అది ఆమె తినకూడదని ఆయనకు తెలుసు. అమ్మ కాఫీ తెచ్చి పక్కన పెడితే, తాగడానికి మాస్కు తీయాలి కాబట్టి దాన్ని అట్లాగే చల్లారనిచ్చాడు.

వెళ్లేముందు నన్ను గేటు దాకా పిలిచాడు. బండి తాళం చెవి తిప్పుతూ, "మంగుకు మందు మార్చల్లని నాకు తెలుసు గదమ్మీ" అన్నాడు.

"తెలుసు మామా" అన్నాను.

సంచి నా చేతిలో పెట్టి పోయాడు. ఆ కాయలు నేను ప్రొద్దుటూరుకు తెచ్చుకుని వారమంతా తిన్నాను. ఈసారి ఒక్కదాని మీద కూడా మచ్చ లేదు. చాలా తియ్యగా ఉన్నాయి, నాకు దాని మీదే కోపం.